నిశ్చల చిత్రాలు - చలన భ్రాంతి

ఉర్దూలో 'నజర్‌బందీ' అనే మాట ఉన్నది. నజర్ అనగా చూపు, బందీ అనగా కట్టివేయడం. దీనికి తెలుగులో సరియైన మాటను కొత్తగా కల్పించనక్కరలేదు. 'కనికట్టు' అని మన పల్లెలలో తరతరాలుగా వాడుతూనే ఉన్నారు. కన్ను, కట్టు అనే రెండు మాటల కలయిక అది. గారడీవాని విద్యను చెప్పవలసి వచ్చినప్పుడు రెండు భాషలూ ఒకే పోలికను ఎంచుకొనడం ముచ్చట గొలిపే విషయం. మాంత్రికుడు చూపును కట్టివేస్తాడని, కట్టుబడిన చూపు లేనిదానిని ఉన్నట్లుగా చూస్తుందని ఈ రెండు మాటల వెనుక ఉన్న నమ్మకం.

మన పత్రికను ఈ రెండు భాషలవారూ చదువుతారు కనుక ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను. సినిమాను కూడా ఒక నజర్‌బందీగానే చాలామంది భావిస్తారు. తెరమీద కదిలేది ఏదీ లేదని, కన్ను మోసపోవడం వలననే కదలిక కనబడుతున్నదని చెప్పుకొంటాము. ఇందులో మొదటి సగం నిజమే. తెరమీద కదిలేది నిజంగా ఏదీ లేదు. రెండవ సగమే సందేహాస్పదం. తెరమీది చలనం కన్ను మోసపోవడం వలన కలిగినది కాదనీ, కన్నూ మెదడూ తమ నిత్యకృత్యాన్ని చక్కగా నెరవేర్చడం వలన కలిగినదనీ చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న పుట్టిన విధం

తెలుగు చెప్పే ఉపన్యాసకునికి ఈ విషయంతో ఏమి పని అని కొందరు అడుగవచ్చు. కొన్నేళ్ళ క్రితం డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో నేను అలంకారాలు చెబుతున్నాను. ఆనాటి పాఠం భ్రాంతిమదలంకారం. సాదృశ్యం వలన ఒక వస్తువును మరొక వస్తువుగా భ్రమించినట్లు వర్ణించడం ఈ అలంకారానికి లక్షణం. ముత్యపుచిప్పను చూచి వెండి అనుకొనడం, మసక వెలుగులో తాడును చూచి పాము అనుకొనడం వంటి ఉదాహరణలు చెప్పాను. పిల్లల ముఖాలలో ఉత్సాహం కనబడలేదు. వారికి దగ్గరగా ఉండే ఉదాహరణ ఏదైనా చెప్పాలనిపించింది.

నేను నివసించే వెంగళరావు నగర్‌కు ఒక ప్రక్క యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ఉన్నాయి. మరికొంత దూరం పోతే జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్. తెల్లవారకముందే కృష్ణానగర్ కూడలిలో షూటింగు బండ్ల కోసం వేచి ఉండే చిన్న నటులు, లైట్‌మెన్లు, మేకప్ సహాయకులు ఈ ప్రాంతపువారికి నిత్యం కనబడే మనుషులు. అమీర్‌పేటలో సారథి స్టూడియో, 1976లో వెలసిన అన్నపూర్ణ స్టూడియో మాకు ఇరుగుపొరుగు వంటివి. మా విద్యార్థులలో ఆ కుటుంబాల పిల్లలు ఎప్పుడూ కొందరు ఉంటారు. అందుచేత సినిమాను ఉదాహరణగా తీసికొన్నాను. "ఒక బొమ్మ తొలగిన తరువాత కూడా దాని ఛాయ కంటిలో కొంతసేపు నిలిచి ఉంటుంది. అది చెరగకముందే రెండవ బొమ్మ వస్తుంది. అందువలన బొమ్మలు కలిసిపోయి కదిలినట్లు భ్రాంతి కలుగుతుంది" అని చెప్పాను. నా చిన్ననాటి పాఠ్యపుస్తకంలో ఉన్నది అదే. దానిని ఇంగ్లీషులో పర్సిస్టెన్స్ ఆఫ్ విజన్ అంటారు. మనం దృష్టి నిలకడ అనుకొందాము.

చివరి వరుసలో ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. అతని తండ్రి ఒక సినిమా హాలులో ఆపరేటరుగా పనిచేసి, రీళ్ళు పోయి డిజిటల్ యంత్రాలు వచ్చిన తరువాత ఆ వృత్తి మానుకొన్నవాడు.

"సార్, బొమ్మ కంట్లనే నిలిస్తే తర్వాతి బొమ్మ దాని మీదనే పడాలె గదా. అప్పుడు హీరో చెయ్యెత్తితే మూడు నాలుగు చేతులు కనపడాలె. ఒక్క చెయ్యే లేచినట్టు ఎందుకు కనపడుతది?" అని అడిగాడు. నేను తడబడడం చూచి అతడే మరల అన్నాడు: "మా నాయన మిషన్ల షట్టర్ జరిగితే తెరమీద పేర్లకు తోకలొచ్చేటివి సార్. బొమ్మ మీద బొమ్మ పడితే తోకలొస్తయి గని నడక రాదు గదా."

నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకొనడానికి మనసు రాలేదు. "కూర్చో బేటా, ఇది సైన్సు క్లాసు కాదు" అని కొంచెం గట్టిగానే అన్నాను. తరగతి నవ్వింది. అతడు కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మరొక ప్రశ్న అడుగలేదు.

ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయాడు. స్టూడియోలలో లైట్ల పనిలో చేరినాడని విన్నాను. ఆనాడు అతనికి ఇవ్వవలసిన జవాబును తెలిసికొనడానికి నాకు చాలా కాలం పట్టింది. తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

యంత్రం చేసే పని

ముందుగా తెరమీద నిజంగా జరిగేది ఏమిటో చూడవలెను. మన ప్రాచీన ప్రదర్శన కళ తోలుబొమ్మలాటతో పోల్చితే ఇది సులభంగా బోధపడుతుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట వంటి ఊళ్ళలో నేటికీ ఈ బొమ్మలను తయారుచేసే కుటుంబాలు ఉన్నాయి. వెలుగు చొరబడేటంత పలుచగా చేసిన తోలుమీద రంగులు వేసి, తెల్లని తెరకు ఆనించి, వెనుక దీపం పెట్టి ఆడిస్తారు. కళాకారుడు పుల్లతో బొమ్మ చేతిని పైకెత్తితే తెరమీది రంగుల నీడ నిజంగానే పైకి లేస్తుంది. దాని మార్గంలోని ప్రతి బిందువునూ అది తాకుతూ పోతుంది. అక్కడ చలన భ్రాంతి అనేది లేదు. ఉన్నది చలనమే.

సినిమాలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. సెకనుకు 24 ఛాయాచిత్రాలు తెరమీదికి వస్తాయి. ప్రతి చిత్రమూ తెరమీద ఉన్నంతసేపు గోడకు తగిలించిన పటంవలె నిశ్చలంగా ఉంటుంది. రీళ్ళ కాలపు ప్రొజెక్టరులో ఫిల్ము ఎడతెగకుండా జారిపోయేది కాదు. ఒక ఫ్రేము దీపం ఎదుట వచ్చి ఆగుతుంది. తరువాత షట్టరు వెలుగును మూసివేస్తుంది. ఆ చీకటిలో పళ్ళచక్రం ఫిల్మును ఒక ఫ్రేము మేర క్రిందికి లాగుతుంది. మరల షట్టరు తెరచుకొంటుంది. మూసివేసే సమయంలో తేడా వచ్చి ఫిల్ము కదులుతుండగా వెలుగు పడితే, అక్షరాల పైనో క్రిందనో తెల్లని చారలు సాగుతాయి. ఆ కుర్రవాడు చెప్పిన తోకలు ఇవే. అనగా, తెరమీద నిజంగా ఏదైనా కదిలితే అది యంత్ర దోషం. కదలకుండా చూడడమే ఆపరేటరు నైపుణ్యం!

మరొక విశేషం. కదిలే చీకటి మిణుకులు కంటికి తెలియకుండా ఉండడానికి ఒక్కొక్క ఫ్రేమును రెండేసి, కొన్ని యంత్రాలలో మూడేసి సార్లు వెలిగించి ఆర్పేవారు. కనుక 24 చిత్రాలే అయినా సెకనుకు 48 లేక 72 మెరుపులు. మొత్తం మీద దాదాపు సగం కాలం తెర చీకటిగానే ఉండేది. మూడు గంటల చిత్రం చూచినవారు సుమారు గంటన్నర చీకటిలో కూర్చొని వచ్చారన్నమాట. ఎవరూ ఆ చీకటిని చూచి ఎరుగరు.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణంలో 1957లో విజయా సంస్థ విడుదల చేసిన 'మాయాబజార్' మూడు గంటలకు పైబడిన చిత్రం. మూడు గంటలనే లెక్కకు తీసికొన్నా 2,59,200 ఫ్రేములు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక అడుగుకు 16 ఫ్రేములు పడతాయి కనుక ఫిల్ము పొడవు 16,200 అడుగులు, అనగా దాదాపు 5 కిలోమీటర్లు. ఆ 5 కిలోమీటర్లలో ఏ ఒక్క బొమ్మలోనూ ఘటోత్కచుడు చేయి కదపడు. ప్రతి ఫ్రేములోనూ అతని చేయి ఒక్కొక్క చోట నిలిచి ఉంటుంది. అంతే. నేడు రీళ్ళు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చినా ఈ సూత్రం మారలేదు.

కొరవి చక్రమూ, బొంగరమూ

ఇక దృష్టి నిలకడను పరీక్షిద్దాము. అది అబద్ధమని కొట్టివేయడానికి వీలులేదు. దీపావళినాడు పిల్లలు కాకరపువ్వొత్తిని గిరగిర త్రిప్పితే గాలిలో వెలుగు వలయం ఏర్పడుతుంది. మన వేదాంతులకు ఇది సుపరిచితమైన దృష్టాంతం. గౌడపాదాచార్యులు మాండూక్య కారికలలో నాలుగవ ప్రకరణానికి 'అలాతశాంతి' అని పేరు పెట్టాడు. అలాతం అనగా కొరవి. అలాతచక్రం అంటే కొరవిని త్రిప్పినప్పుడు కనబడే నిప్పుల చక్రం.

పాశ్చాత్యులలో ప్యాట్రిక్ డార్సీ అనే విద్వాంసుడు 1765లో ఈ నిలకడను కొలిచాడు. తిరిగే చక్రానికి నిప్పుకణిక కట్టి, వలయం పూర్తిగా మూసుకొనేంతవరకు వేగం పెంచి, వెలుగు ఛాయ కంటిలో సెకనులో సుమారు 8వ వంతు నిలుస్తుందని తేల్చాడు. ఈ లెక్కను సినిమాకు అన్వయించి చూడండి. సెకనులో 8వ వంతు కాలంలో తెరమీద మూడు ఫ్రేములు వచ్చిపోతాయి. నిలకడయే సర్వస్వమైతే ఏ క్షణాన చూచినా మూడు బొమ్మలు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉండవలెను. హీరోకు మూడు చేతులు కనబడవలెను. ఆ కుర్రవాడు లెక్క తెలియకుండానే సరియైన సంఖ్య చెప్పాడు!

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. కొరవి నిజంగా తిరుగుతున్నది. మనకు కనబడేది నిలిచి ఉన్న వలయం. అనగా దృష్టి నిలకడ చలనాన్ని నిశ్చలంగా మార్చింది. సినిమాలో జరిగేది దీనికి విలోమం. అక్కడ నిశ్చలమైనది చలనంగా మారుతున్నది. ఒకే కారణం రెండు విరుద్ధ ఫలితాలను ఎలా ఇస్తుంది?

బొంగరం సంగతి కూడా ఇంతే. బస్రాలో క్రీ.శ. 965 ప్రాంతంలో జన్మించి, కైరోలో జీవించిన ఇబ్న్ అల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్' అనే దృక్‌శాస్త్ర గ్రంథంలో రంగురంగుల బొంగరాన్ని ప్రస్తావించాడు. అది వేగంగా తిరిగేటప్పుడు రంగులన్నీ కలిసి ఒకే రంగుగా కనబడతాయి. ఇక్కడ కూడా నిలకడ వలన కలిగినది కలయికయే కాని కదలిక కాదు. 1824లో లండన్‌లో పీటర్ మార్క్ రోజెట్ సమర్పించిన పత్రాన్ని సినిమా చరిత్రకారులు తరచుగా మూలంగా పేర్కొంటారు. కాని అతడు వర్ణించినది కంచె సందులలోనుంచి చూచినప్పుడు, తిరుగుతున్న బండిచక్రపు ఆకులు వంగి, కదలకుండా నిలిచినట్లు కనబడిన వైనాన్ని! అది కూడా చలనం నిశ్చలమైన సందర్భమే.

కనుక పనిని రెండు భాగాలుగా విభజించుకొనవలెను. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్యనున్న చీకటి మనకు తెలియకుండా వెలుగు మిణుకులు కలిసిపోవడానికి దృష్టి నిలకడ వంటి లక్షణం తోడ్పడుతుంది. చేయి ఇక్కడినుంచి అక్కడికి 'లేచినట్లు' కనబడడానికి మాత్రం వేరొక కారణం కావలెను.

రెండు దీపాల ప్రయోగం

ఆ కారణాన్ని వెదకినవాడు మాక్స్ వెర్థైమర్. 1910లో అతడు రైలులో పోతూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, బొమ్మలను కదిలినట్లు చూపే ఒక ఆటవస్తువును కొని ప్రయోగాలకు ఉపక్రమించాడని చెబుతారు. 1912లో తన ఫలితాలను ప్రకటించాడు. ఆ ప్రయోగాన్ని మనం పెళ్ళి పందిళ్ళకూ షాదీఖానాలకూ కట్టే సీరియల్ లైట్ల సహాయంతో అర్థం చేసికొనవచ్చు.

ప్రక్కప్రక్కన రెండు దీపాలున్నవి అనుకొందాము. మొదటిది వెలిగి ఆరిన తరువాత రెండవది వెలుగుతుంది. మధ్యనున్న విరామం సెకనులో 5వ వంతు, అనగా 200 మిల్లీసెకన్ల మేర ఉంటే, ఒకదాని తరువాత ఒకటి వెలిగినట్లు స్పష్టంగా తెలుస్తుంది. విరామాన్ని 30 మిల్లీసెకన్లకు తగ్గిస్తే రెండూ ఒక్కసారే వెలిగినట్లు తోస్తుంది. విరామం సుమారు 60 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు మాత్రం విచిత్రం జరుగుతుంది. రెండు దీపాలు కనబడవు. ఒకే దీపం ఒక చోటినుండి మరొక చోటికి దుమికినట్లు కనబడుతుంది. పందిరి చుట్టూ వెలుగు పరుగెత్తినట్లు తోచడానికి కారణం ఇదే. ఏ బల్బూ తన చోటు వదలి అంగుళమైనా జరుగలేదు.

ఇందులో గమనింపదగిన అంశం విరామపు పాత్ర. కాలాంతరం మరీ తగ్గి రెండు ఛాయలు కంటిలో కలిసిపోయినప్పుడు చలనం పుట్టలేదు, నశించింది. కనుక చలన భ్రాంతికి మూలం ఛాయల కలయిక కాదు. రెండు స్థానాలను, వాటి మధ్యనున్న కాలాన్ని మెదడు ఒక్కటిగా గ్రహించి, 'ఇది కదిలింది' అని నిర్ణయించడమే మూలం. వెర్థైమర్ ఈ అనుభవానికి గ్రీకు అక్షరం 'ఫై' పేరు పెట్టాడు. కొన్ని సందర్భాలలో కదిలే వస్తువేదీ కనబడకుండానే కదలిక మాత్రం కనబడిందని కూడా అతడు వ్రాశాడు. ఒక రాగం స్వరాలను విడివిడిగా కూడితే ఏర్పడనట్లే, చలనం కూడా బొమ్మలను కూడితే ఏర్పడదని భావించాడు. ఈ ఆలోచననుంచే గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రం పెరిగింది.

మీరు కూర్చున్నచోటనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. బొటనవ్రేలిని ముఖానికి ఒక జానెడు దూరంలో నిలిపి, దూరపు గోడను చూస్తూ ఎడమ కన్ను, కుడి కన్ను మార్చి మార్చి మూయండి. వ్రేలు ఇటునుంచి అటు గెంతుతుంది. వ్రేలు కదలలేదని మీకు తెలుసు. అయినా గెంతుతూనే ఉంటుంది.

వెర్థైమర్‌కు 900 సంవత్సరాల ముందే ఇబ్న్ అల్ హైసమ్ ఈ దిశగా ఆలోచించాడు. ఒక వస్తువును ఒక చోట, కొంత కాలం గడచిన తరువాత మరొక చోట గ్రహించడం వలన చలనం తెలుస్తుందని అతని అభిప్రాయం. కన్ను వెలుగును, రంగును గ్రహిస్తే, మిగిలిన చాలా విషయాలను మనసు తీర్పు చేస్తుందని, ఆ తీర్పు మనకే తెలియనంత వేగంగా జరుగుతుందని వ్రాశాడు. అతనికి సినిమా తెలియదు. అయినా సినిమాకు కావలసిన సూత్రం అతని గ్రంథంలో బీజరూపంలో ఉన్నది.

వెనుకకు తిరిగే రథచక్రం

మెదడు తీర్పు చేస్తున్నదనడానికి నిదర్శనం ఏది? ఆ తీర్పు తప్పిన సందర్భాలే నిదర్శనం. పౌరాణిక చిత్రాలలో రథం ముందుకు పరుగెత్తుతుండగా చక్రం వెనుకకు తిరిగినట్లు కనబడడం మీరందరూ చూచి ఉంటారు. దీని లెక్క చాలా సులభం.

చక్రానికి 12 ఆకులున్నవి అనుకొందాము. ఆకుకూ ఆకుకూ మధ్య 30 డిగ్రీలు. ఒక ఫ్రేమునుండి తరువాతి ఫ్రేముకు చక్రం సరిగా 30 డిగ్రీలు తిరిగితే, ప్రతి ఆకు దాని ముందటి ఆకు ఉన్న స్థానంలోనికి వస్తుంది. ఆకులన్నీ ఒకే విధంగా ఉంటాయి కనుక రెండు బొమ్మలకూ భేదం ఉండదు. చక్రం నిలిచిపోయినట్లు కనబడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఇది సెకనుకు రెండు చుట్ల వేగం. నాలుగు అడుగుల వ్యాసం గల చక్రమైతే రథం గంటకు సుమారు 28 కిలోమీటర్లు పోతున్నదన్నమాట.

రథం కొంచెం నెమ్మదించి, ఫ్రేముకు 27 డిగ్రీలే తిరిగినది అనుకొందాము. అప్పుడు ఒక ఆకును 27 డిగ్రీలు ముందుకు పోయిన దానితో జతపరచవచ్చు, లేదా కేవలం 3 డిగ్రీలు వెనుక కనబడుతున్న దానితో జతపరచవచ్చు. మెదడు దగ్గరి దానినే ఎంచుకొంటుంది. ఫలితంగా చక్రం 5 సెకన్లకొక చుట్టు చొప్పున తాపీగా వెనుకకు తిరుగుతుంది. ఫ్రేముకు 33 డిగ్రీలు తిరిగితే అంతే తాపీగా ముందుకు తిరుగుతుంది.

ఈ 'దగ్గరి జత' నియమం మూర్ఖమైనది కాదు. లోకంలో వస్తువులు సాధారణంగా క్షణకాలంలో కొంచెమే కదులుతాయి. ఒక్క ఆకుకు మాత్రం ఎర్రరంగు పూస్తే మెదడుకు మరొక ఆధారం దొరికి, తీర్పు సవరించబడే అవకాశం ఉన్నది. అనగా దొరికిన సాక్ష్యాన్నిబట్టి న్యాయమైన తీర్పే చెబుతున్నది. సాక్ష్యాన్ని తక్కువ చేసి ఇచ్చినది కెమెరా.

చలనానికి మెదడులో వేరు స్థానం

చలన భ్రాంతులన్నీ ఒకే జాతివి కావు. పండుగ నెలవంక కోసం డాబా ఎక్కి చూచేటప్పుడు మేఘాలు కదులుతుంటే నెలవంకయే పరుగెత్తినట్లు తోస్తుంది. స్టేషనులో ప్రక్క రైలు కదిలితే మన రైలే బయలుదేరినట్లు ఉలికిపడతాము. చుట్టూ ఉన్న విశాలమైన దానిని నిశ్చలమని, అందులోని చిన్నదానిని కదిలేదని మెదడు ఎంచుకొనే అలవాటు వీటికి మూలం.

మరొక రకాన్ని ఎత్తిపోతల వంటి జలపాతం దగ్గర చూడవచ్చు. నీటి ధారను రెప్పవేయక ఒక నిమిషం చూచి, తరువాత ప్రక్కనున్న బండమీదికి దృష్టి మరల్చండి. బండ పైకి లేస్తున్నట్లు కనబడుతుంది. ప్రవహించే నదిని చూచిన తరువాత నిశ్చల వస్తువులు కదిలినట్లు తోచడాన్ని అరిస్టాటిల్ ప్రస్తావించాడు. 1834లో రాబర్ట్ ఆడమ్స్ స్కాట్లాండులోని ఫోయర్స్ జలపాతం దగ్గర దీనిని గమనించి వ్రాశాడు. ఇక్కడి వింత ఏమిటంటే, బండ పైకి లేస్తున్నట్లుంటుంది, కాని ఉన్నచోటనే ఉంటుంది! స్థానం మారకుండా చలనం కనబడడమంటే, స్థానాన్ని గ్రహించే విధానం వేరు, చలనాన్ని గ్రహించే విధానం వేరు అని అర్థం.

నాడీశాస్త్రం దీనిని ధ్రువపరచింది. డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజల్ 1959లో పిల్లి మెదడును పరిశీలించి, ఒక దిశలో కదిలే గీతలకు మాత్రమే గట్టిగా స్పందించే నాడీకణాలు ఉన్నవని కనుగొన్నారు. 1981లో వారికి నోబెల్ బహుమతిలో భాగం లభించింది. క్రిందికి కదిలేవాటిని గుర్తించే కణాలు జలపాతాన్ని చూచి చూచి అలసిపోతే, పైదిశకు చెందిన కణాల మాట చెల్లుతుంది. బండ లేచినట్లు కనబడడానికి కారణం ఈ త్రాసు ఒకవైపు మొగ్గడమే.

1983లో జోసెఫ్ జీల్, అతని సహచరులు మ్యూనిక్ నగరంలో ఒక స్త్రీ పరిస్థితిని ప్రకటించారు. మెదడుకు కలిగిన రుగ్మత వలన ఆమెకు చలనం కనబడడం మానివేసింది. రంగులు తెలుస్తాయి, ముఖాలు తెలుస్తాయి, అక్షరాలు తెలుస్తాయి. కప్పులో టీ పోస్తుంటే మాత్రం ధార గడ్డకట్టిన మంచువలె కనబడేది. కప్పు నిండుతున్న సంగతి తెలియక పొరలిపోయేది. రోడ్డు దాటేటప్పుడు దూరాన ఉన్న కారు మరుక్షణం మీదనే ఉన్నట్లు కనబడేది. మనం యూసుఫ్‌గూడ రోడ్డు క్షేమంగా దాటి కళాశాలకు చేరగలుగుతున్నామంటే, ఆమె కోల్పోయిన ఆ శక్తియే కారణం.

ఆ శక్తియే తెరమీది బొమ్మలను కూడా కదిలిస్తున్నది. సెకనుకు 24 చొప్పున కొంచెం కొంచెం తేడాతో వచ్చే బొమ్మలకూ, నిజంగా కదిలే వస్తువుకూ మెదడులో చాలావరకు ఒకే యంత్రాంగం స్పందిస్తుందని నేటి శాస్త్రజ్ఞులు చాలామంది భావిస్తున్నారు. సినిమా కోసం మనకు ప్రత్యేకంగా ఏ బలహీనతా లేదు. రోడ్డు దాటడానికి ఉన్న విద్యనే సినిమా వాడుకొంటున్నది.

భ్రాంతియా, జ్ఞానమా?

తిరిగి నా అలంకార పాఠానికి వస్తాను. ఆనాడు నేను చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. మొదటిది కారణాన్ని తప్పుగా చెప్పడం. రెండవది ఉదాహరణను తప్పుగా ఎంచుకొనడం. తాటిలో కనబడిన పాము, దీపం తెచ్చి చూడగానే మాయమవుతుంది. జ్ఞానం కలిగితే భ్రాంతి తొలగవలెను. ముత్యపుచిప్ప చేతిలోనికి వస్తే వెండి అనే తలపు పోతుంది. కాని సినిమా సంగతి అట్లా కాదు. ఈ వ్యాసమంతా చదివి, ఫ్రేములన్నీ నిశ్చలమని నమ్మి, ఈ సాయంత్రమే సినిమాకు వెళ్ళండి. తెరమీద గుర్రాలు పరుగెత్తుతూనే ఉంటాయి. ఆపరేటరు కంటికీ, ఎడిటరు కంటికీ కూడా అవి పరుగెత్తుతూనే ఉంటాయి. తెలిసినా తొలగని దానిని భ్రాంతిమదలంకారం క్రింద చేర్చరాదు. అది బుద్ధి చేసిన పొరపాటు కాదు. బుద్ధికంటె ముందే చూపు చేసే పని.

అందుచేత ఇకమీదట ఈ పాఠం చెప్పేటప్పుడు సినిమాను ఉదాహరణగా చెప్పను. ఎందుకు చెప్పరాదో మాత్రం తప్పక చెబుతాను.

విద్యార్థి మిత్రులారా! పుస్తకంలో అచ్చుపడిన మాట మీ అనుభవంతో పొసగనప్పుడు మీరు లేచి అడగండి. అది సైన్సు క్లాసు కాకపోయినా అడగండి. ఒక ఆపరేటరు కుమారుడు తన తండ్రి యంత్రం దగ్గర చూచినది, నేను పుస్తకంలో చదివినదానికంటె సత్యానికి దగ్గరగా ఉన్నది. అతడు ఎక్కడో ఒక సెట్టులో లైటు పట్టుకొని నిలబడి ఉంటాడు. అతని పాత స్నేహితులెవరైనా ఈ పత్రికను అతనికి చేర్చగలిగితే, ఆనాటి ప్రశ్న సరియైనదేనని, సార్ ఒప్పుకొన్నారని చెప్పండి.